నేల టిక్కెట్టు బీరు

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇరవై ఒకటి నిండని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ పేజీ తిప్పేసి అవతలి పేజీలో హీరోయిన్ బొమ్మ చూసుకోవచ్చు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ చట్టం అలాగే చెబుతోంది మరి! మిగిలినవాళ్ళు నింపాదిగా కూర్చోండి.

2022 ఆగస్టులో మహేష్ బాబు పుట్టినరోజుకి 'పోకిరి' మళ్ళీ తెరమీద కొచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2006 నాటి బొమ్మ. ఆ యేడు ఆఖరి రోజున 'ఖుషి' వచ్చింది. అది ఇంకా పాతది, 2001. టీవీలో వందసార్లు వేసిన సినిమాలే. అయినా టిక్కెట్లు దొరకలేదు! హైదరాబాదులో నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. ఇరాన్ సినిమా, కొరియా సినిమా తప్ప వేరేది ముట్టడు. మన హీరో తొడగొడితే ముఖం పక్కకు తిప్పుకునే రకం. ఆ పెద్దమనిషి ముందు వరసలో సీటెక్కి నిలబడి కాగితం ముక్కలు ఎగరేస్తూ నా కంటబడ్డాడు. "ఏమిటి గురూ ఇది?" అంటే, "దీని రుచి దీనిదేనయ్యా..." అన్నాడు, గొంతు బొంగురుపోయి.

సరిగ్గా ఇలాంటి వ్యవహారమే ఈమధ్య బీరు విషయంలోనూ నడుస్తోంది. క్లాసు బీరు తాగేవాళ్ళు మాసు బీరు వైపు మళ్ళుతున్నారు. బాల్కనీ నుంచి దిగి నేల మీదికి వస్తున్నారన్నమాట!

క్లాసు బీరంటే ఏమిటో తెలియనివాళ్ళకు కొంచెం వివరం. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చింది. అంటే హోటల్లోనే బీరు కాచుకుని అక్కడికక్కడే అమ్ముకోవచ్చు. అంతకు ముందే బెంగుళూరులో ఈ సరదా మొదలై మనవాళ్ళను ఊరిస్తూ ఉండేది. ఆ తర్వాత జూబిలీహిల్స్, గచ్చిబౌలి వైపు అద్దాల గోడల వెనక పెద్ద పెద్ద ట్యాంకులు వెలిశాయి, పెళ్ళి వంటల దగ్గర డేగిసాలు నిలబెట్టినట్టు. మెనూ కార్డు చూస్తే శతదినోత్సవ సంచికంత ఉంటుంది. ఒకదాంట్లో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. అది బెల్జియం వాళ్ళ పద్ధతి. ఇంకోదాంట్లో కాఫీ వాసన. మరోటి ఉగాది పచ్చడిలో వేపపువ్వు పిడికెడు ఎక్కువ పడినంత చేదు. దాని పేరు ఇండియా పేల్ ఏల్. ఇక్కడో తమాషా చూడండి. పేరులో ఇండియా ఉంది గానీ మన తాత ముత్తాతలెవరూ దాన్ని రుచి చూసి ఎరగరు. తెల్లదొరలు ఇక్కడ తాగడానికి ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చిన సరుకది. ఓడలు మానేసిన నూరేళ్ళకు, అమెరికా చుట్టి తిరిగి మన గచ్చిబౌలికి చేరింది!

నా ఉద్యోగం ఆ పక్కనే. నా స్నేహితులు ముగ్గురు ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు. అసలు పేర్లెందుకు గానీ, ఒకడు చేదురాజు, ఇంకొకడు గోధుమరాయుడు, మూడోవాడు ఏది తాగినా ఫోనులో మార్కులు వేసుకునే లెక్కల మాస్టారు. నాలుగేళ్ళలో వీడు మార్కులు వేసిన బీర్లు మూడు వందలు దాటాయి. ఒక్కో మగ్గు నాలుగొందల చిల్లర. లెక్క మీరే కట్టుకోండి. ఫోనులో ఆ కూడిక మాత్రం వాడు వేసుకోడు.

అలాంటి ముగ్గురూ ఒక సాయంత్రం, "ఇంక చాలురా బాబూ, నాలుకకు సెలవిద్దాం. మామూలు కింగ్‌ఫిషర్ చెప్పు" అన్నారు. మరుసటి వారమూ అదే. ఆ పైవారం మా వాళ్ళ పక్క బల్ల కూడా అదే! ఇదేదో మన హైదరాబాదు వింత అనుకునేరు. అమెరికాలో పాబ్‌స్ట్ బ్లూ రిబ్బన్ అని ఓ చవక బీరుంది. ముసలివాళ్ళు, ఫ్యాక్టరీ కార్మికులు తాగేది, ఇక పోయిందనుకున్నారు. 2000 దాటాక పెద్ద పట్నాల కుర్రకారు పట్టుబట్టి దాన్నే తాగడంతో మళ్ళీ లేచి కూర్చుంది. అక్కడ ఖరీదైన బీరు కాచే మాస్టర్లే పని దిగాక ఇంటికి పోతూ చవక డబ్బా తెరుస్తారట. స్వీట్ల కొట్టు యజమాని ఇంట్లో అటుకులు తిన్నట్టు!

నాకు రెండూ పడతాయి. ఆ మాటే చెబితే మా ముగ్గురూ ఒప్పుకునేవాళ్ళు కారు. ఏదో ఒక పార్టీలో చేరమనేవారు. నాది ఓర్వకల్లు. కర్నూలు దాటి నంద్యాల రోడ్డులో వెళ్తే వచ్చే ఊరు. 2021లో మాకు విమానాశ్రయం వచ్చింది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అంతకు ముందు మా ఊరు బయటివాళ్ళకు తెలిసింది రాళ్ళ వల్లే. రోడ్డు పక్కనే రాక్ గార్డెన్. దేవుడు ఇల్లు కట్టబోయి సామాను పోసి మరిచిపోయినట్టుంటాయి ఆ బండలు, మధ్యలో నీటి మడుగులు. 2013 జూలైలో 'బాహుబలి' షూటింగు మొదలైంది అక్కడే. అప్పుడు నేను కాలేజీ. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి గట్టుమీద కూర్చున్నాయి. కనిపించింది గొడుగులు, లైట్లు, మధ్య మధ్య దుమ్ము. అయినా సినిమా వచ్చాక మా ఊరివాళ్ళం తెరమీద హీరోను ఎంత చూశామో మా రాయినీ అంతే చూశాం.

మా ముగ్గురు రాజులకూ ఆ రాళ్ళు చూడాలని, ఆ రాత్రి మా మిద్దె మీద 'అసలు సిసలు మాసు బీరు' తాగాలని కోరిక పుట్టింది. "ప్లాస్టిక్ గ్లాసుల్లోనే తాగాలి, బొరుగులుండాలి" అని షరతులు కూడా! షూటింగుకు సెట్టింగు చెప్పినట్టు చెప్పారు. పోయిన వేసవిలో కారేసుకుని వచ్చారు.

వాళ్ళు దిగేలోపు మా జిల్లాలో బీరు కథ ఒకటుంది, అది చెప్పాలి. పట్నంవాళ్ళు చవక బీరు వదిలిపెట్టింది సరదాకు. మాకు అదే చవక బీరు కళ్ళముందు నుంచి మాయమైంది. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రలో మందు దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. రేట్లు ఎక్కాయి, దుకాణాలు తగ్గాయి, అలవాటైన పేర్లు అరుదైపోయాయి. అల్మారాలో ఎన్నడూ వినని పేర్లు! మా ఊరివాళ్ళు వాటిని చదువుకుని నవ్వుకునేవారు, డబ్బింగు సినిమా టైటిళ్ళు చదివినట్టు. మాకు ఒక సౌకర్యముంది. కర్నూలు దగ్గర తుంగభద్ర వంతెన దాటితే చాలు, తెలంగాణ. అక్కడ కింగ్‌ఫిషర్ కూలింగుతో సహా దొరుకుతుంది. దొరికింది తెచ్చుకోవడమే కష్టం. పంచలింగాల చెక్‌పోస్టులో డిక్కీలు తెరిపించేవారు. మూడు సీసాలు తెచ్చుకోవచ్చా కూడదా అన్న పేచీ 2020లో హైకోర్టు దాకా పోయింది. జనం ఏవేవో చోట్ల సీసాలు దాచేవారు. ఆ అయిదేళ్ళలో పెళ్ళిళ్ళలో స్నేహితుడికి రహస్యంగా ఒక కింగ్‌ఫిషర్ చేతిలో పెట్టడమంటే పట్టుబట్టలు పెట్టినంత మర్యాద! సామాన్య బీరు దొరల బీరైపోయింది.

2024 అక్టోబరు 16 నుంచి మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాయి. లాటరీ తీసి రాష్ట్రమంతా 3,396 షాపులిచ్చారు. పాత పేర్లు అల్మారాల్లోకి తిరిగొచ్చాయి. మూడు నెలలు తిరగకుండానే కథ తారుమారైంది. 2025 జనవరి 8న కింగ్‌ఫిషర్ కంపెనీ యునైటెడ్ బ్రూవరీస్, రేట్లు చాలడం లేదని, బాకీలు రావడం లేదని తెలంగాణకు సరుకు ఆపేసింది. పన్నెండు రోజులకు మళ్ళీ పంపింది. ఫిబ్రవరిలో అక్కడ బీరు రేటు నూటికి పదిహేను పెరిగింది. ఆ పన్నెండు రోజులూ మా ఊరివాళ్ళు హైదరాబాదులో ఉన్న నాకు ఫోన్లు చేసి, "ఏమప్పా, ఇప్పుడు మేం పంపల్లనా?" అని ఎగతాళి చేశారు.

సరే, మిద్దె మీదికి వద్దాం.

ఏప్రిల్ నెల. పగలు ఎండ నలభై దాటింది. రాత్రి ఎనిమిదైనా మిద్దె గచ్చు కాళ్ళకు చురుక్కుమంటోంది. మా చేదురాజు నాతోపాటు బ్రాందీ షాపుకు వచ్చాడు. అక్కడ మనిషి తర్వాత మనిషి ఒకటే ప్రశ్న. "కూలింగ్ ఉండాదా?" ఏ బీరు అని ముందు అడిగినవాడు లేడు. కూలింగు సంగతి తేలాకే పేరు. మా వాడికి అది చాలా వింతగా తోచింది. నాకైతే బీరు శాస్త్రమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉందనిపిస్తుంది.

ఎందుకంటారా? ఈ మాసు బీరుకు లాగర్ అని పేరు. జర్మన్ మాట, దాచిపెట్టడమని అర్థం. మామూలు ఏల్ వెచ్చటి గదిలో పులిసి వారం పదిరోజుల్లో తయారవుతుంది. లాగర్ ఈస్టు అలా కాదు. అది చలి కోరుతుంది. పది డిగ్రీల దగ్గర నిదానంగా పులిసి, ఆ తర్వాత గడ్డకట్టే చలికి దగ్గరలో వారాల తరబడి పడుకోవాలి. పూర్వం కొండ గుహల్లో ఐసు పేర్చి పడుకోబెట్టేవారు. 1842లో పిల్సెన్ అనే ఊళ్ళో జోసెఫ్ గ్రోల్ అనే ఆయన బంగారు రంగులో తేటగా మెరిసే లాగర్ కాచాడు. ఇప్పుడు లోకంలో అమ్ముడయ్యే చవక బీర్లలో ఎక్కువ భాగం దాని మునిమనవలే. తర్వాత లిండే దొర యంత్రంతో చల్లదనం పుట్టించాడు. 1883లో కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ వారి ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే ఒక్క ఈస్టు కణం నుంచి వంశం పెంచే పద్ధతి కనిపెట్టాడు. అంతవరకు ఏ పీపా ఎలా పులుస్తుందో దైవాధీనం. ఆ తర్వాత ఏ సీసా తెరిచినా ఒకటే రుచి. ఇవాళ శ్రీకాకుళంలో తెరిచినా ఓర్వకల్లులో తెరిచినా తేడా ఉండదు, ఒకే నెగటివు నుంచి తీసిన ప్రింట్లలాగా!

"అందులో రుచేముంది, నీళ్ళు" అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. బార్లీతో పాటు బియ్యమో మొక్కజొన్నో వేసి ఒళ్ళు తేలిక చేస్తారు, నిజమే. కానీ తేలికైన దాన్ని కాచడమే కష్టం. ధనియాలు వేసిన బీరులో చిన్న తప్పు జరిగితే ధనియాలు కప్పుతాయి. చేదు బీరులో చేదు కప్పుతుంది. లాగర్‌లో కప్పడానికేముంది? కాస్త వెన్న వాసన, కాస్త ఉడికిన మొక్కజొన్న వాసన తగిలినా పట్టుబడిపోతుంది. మేకప్ లేకుండా క్లోజప్ తీసినట్టు. సావిత్రి లాంటివాళ్ళు నిలబడగలరు గానీ అందరివల్లా అవుతుందా? పట్నంలో బీరు కాచే మాస్టర్లనడిగి చూడండి, ఈ మాటే చెబుతారు.

మిద్దె మీద మాకు తోడుగా మా మామ వచ్చాడు. అమ్మ తమ్ముడు. కంకర క్రషర్‌లో పని. రోజు కూలి, పని దొరికిన రోజున. మొదట మొహమాటపడ్డాడు. మా వాళ్ళు "రండి అంకుల్, రండి" అని కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు, పిట్టగోడకు ఆనుకున్నాడు.

మా లెక్కల మాస్టారు భక్తిగా ఒక మైల్డ్ బీరు సీసా మామ చేతికిచ్చాడు. మామ మూత తియ్యలేదు. సీసా తిప్పి లేబులు చదివాడు. మా వాళ్ళూ లేబుళ్ళు చదువుతారు, ఏ దేశం హాప్సు, ఏ ఏడు పంట అని. మామ చదివింది ఒకే ఒక్క అంకె.

"అయిదు పర్సెంటు. దీనికి రెండొందల కాగితమిస్తే చిల్లర యేమొచ్చె?"

"పెద్దగా ఏం రాలేదు మామా" అన్నాను.

"స్ట్రాంగు ఎనిమిది. రేటు సూస్తే అటూ ఇటూ అంతే. పావలా తక్కువకు సగం సరుకు కొనేటోడు యాడన్నా ఉంటాడా?"

మన దేశంలో కొలత ఇది. అయిదు దాకా మైల్డు, అది దాటి ఎనిమిది దాకా స్ట్రాంగు. దేశంలో అమ్ముడయ్యే బీరులో చాలావరకు స్ట్రాంగే. కారణాలు పెద్ద పెద్దవాళ్ళు ఏవేవో చెబుతారు గానీ, మా మామ పిట్టగోడ దగ్గర నిలబడి ఒక్క కూడికతో తేల్చేశాడు. మా లెక్కల మాస్టారు మూడు వందల బీర్లకు మార్కులు వేశాడు గదా, రూపాయికి పర్సెంటు ఎంత అన్న గళ్ళు వాడి పట్టికలోనే లేవు! వాడు నిజంగా ఫోను తీసి ఆ గళ్ళు చేర్చుకున్నాడు.

ఆ తర్వాత మామ చెంబుతో నీళ్ళు తెమ్మన్నాడు. సీసా మూత తీసి, బొటనవేలు అడ్డం పెట్టి, తలకిందులుగా చెంబులోకి ముంచి వేలు తీశాడు. సెల్‌ఫోను లైటు వేస్తే నీళ్ళలోకి సన్నటి తీగలు దిగుతున్నాయి. "గ్లిజరిన్ పోవల్ల" అన్నాడు. ఇది పాతకాలం నుంచీ ఉన్న పూజా విధానం. మీ నాన్నగార్లనో బాబాయిలనో అడిగితే తెలుస్తుంది. గోధుమరాయుడు ఆగలేకపోయాడు. "అది గ్లిజరిన్ కాదంకుల్. నీళ్ళకన్నా బీరు కాస్త బరువు. అందుకే బీరే తీగలా కిందికి దిగుతుంది" అని సైన్సు చెప్పాడు. నిజమే.

మామ శ్రద్ధగా విన్నాడు. "అట్లనా? సరే. మీరు వందలిచ్చి నురగ పైకెక్కేది సూస్తారు. మేం ఊరికే తీగ కిందికి దిగేది సూస్తాం" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. మామ కూడా నవ్వాడు.

నవ్వులయ్యాక చేదురాజు ఊరుకోకుండా, "అంకుల్, అసలు సంగతేమిటంటే, మేం అన్ని రకాలూ చూసేసి చివరికి మళ్ళీ మీ బీరుకే వచ్చేశాం" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. గ్లాసు పైకెత్తాడు కూడా.

మామ గ్లాసు ఎత్తలేదు. "మీరు వచ్చినారప్పా. మేం యాడికి పోతిమి రానీకి?" అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. బొరుగుల్లో ఉల్లిపాయ ముక్కలు వేరుకుంటూ, మామూలుగా అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నంద్యాల రోడ్డు మీద లారీల చప్పుడు వినపడుతోంది.

నేల టిక్కెట్టు సంగతీ ఇంతేగదా. బాల్కనీవాడు ఒక రోజు నేలలో కూర్చుంటే అది ముచ్చట. ఇంటర్వెల్లో లేచి పోవచ్చు. రేపు మళ్ళీ బాల్కనీ. ఎప్పుడూ నేలలోనే కూర్చున్నవాడికి అది ముచ్చటా కాదు, అవమానమూ కాదు. అతని జేబుకు అందే సీటది. ఇద్దరూ ఒకే చోట ఈల వేస్తారు, నిజమే. ఆ ఈలలో తేడా కనిపెట్టాలంటే చెవులు పక్కన పెట్టి జేబులు చూడాలి.

మా మామకు క్లాసు బీరు తెలియదనుకునేరు. రెండేళ్ళ కిందట కంటి పరీక్షకని హైదరాబాదు వచ్చినప్పుడు నేనే తీసుకుపోయాను, ఆ అద్దాల గోడల కొట్టుకు. గోధుమ బీరు ముందు పెట్టారు. తెల్లగా, మబ్బుగా, పైన నురగ. మామ గ్లాసు లైటుకు పట్టి చూసి, "వడగట్టలేదా?" అన్నాడు. అలాగే ఉంటుంది మామా, ఈస్టు అందులోనే ఉంచుతారు, ఇక్కడే కాచి తాజాగా పోస్తారు, నిలవ ఉండదు అని నాకు తెలిసిందంతా చెప్పాను. ఒక గుక్క తాగి నాలుక చప్పరించి, "ఓరి నీ... ఈతకల్లు గదప్పా ఇది!" అన్నాడు. చుట్టూ బల్లలవాళ్ళు తిరిగి చూశారు. "చెట్టు దిగినంక మధ్యాన్నానికి ఇట్లనే అవుతాది. దీనికింత బిల్లా?" బిల్లు తీసుకొచ్చిన కుర్రాడిది వనపర్తి వైపట, వాడే ముందు నవ్వాడు.

ఆలోచించి చూస్తే మామ మాటలో అక్షరం తప్పులేదు. చెట్టు మీదే, గాలిలో ఉండే ఈస్టుతో, ఏ కంపెనీ సీలూ లేకుండా పులిసేది. ఒక చెట్టు కల్లు ఇంకో చెట్టు కల్లులా ఉండదు. ఉదయం ఒక రుచి, మధ్యాహ్నం ఒక రుచి. గీసే మనిషి చెయ్యి మారితే రుచి మారుతుంది. పట్నంలో మెనూ కార్డు మీద ఇవే మాటలు బంగారు అక్షరాల్లో రాసుకుంటారు. అంటే మా మామ పుట్టిందే క్లాసు బీరులో! తర్వాత కూలింగు సీసా వచ్చింది, అది నాగరికత అయింది. మా ముగ్గురు రాజులు నాగరికత నుంచి పులుపులోకి పోయి, అక్కడినుంచి మళ్ళీ సీసాలోకి వచ్చారు. చక్రం ఎక్కడ మొదలైందో తేల్చడం నావల్ల కాదు.

మిద్దె కింద మా అత్త ఉంది. ఆమె ఊసెత్తకుండా బీరు గురించి రాస్తే అమ్మ నాకు అన్నం పెట్టదు. ఓర్వకల్లు మండలం పొదుపు సంఘాల ఆడవాళ్ళకు పేరుపడ్డ చోటు. 1990లలో మొదలుపెట్టినప్పుడు రోజుకో రూపాయి దాచేవాళ్ళు, నెలకు ముప్పై. అత్త అప్పటికి కొత్త కోడలు. అది సారా మీద ఆడవాళ్ళు లేచిన కాలం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన కథ రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాను నిషేధించిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి మా కర్నూలు జిల్లావాడే. 1995 జనవరి 16న ఎన్టీ రామారావు ప్రభుత్వం మొత్తం మద్యమే ఆపేసింది. రెండేళ్ళు నడిచి, 1997లో ఆ నిషేధం పోయింది. పొదుపు పుస్తకాలు మాత్రం పోలేదు.

ఆ రాత్రి పదకొండింటికి మేం కిందికి దిగేసరికి అత్త ఉగ్గానికి బొరుగులు ఏరి పెడుతోంది, పొద్దునకు. మా గోధుమరాయుడు మర్యాదగా, "ఆంటీ, మీకేం ఇబ్బంది కలిగించలేదు కదా" అన్నాడు.

"ఇబ్బందేముంది నాయనా. ఒక సీసా ఎంత?"

వాడు చెప్పాడు. అత్త తల ఎత్తకుండానే, "రెండొందలు... రోజుకు రూపాయి లెక్కన ఆర్నెల్ల ఇరవై దినాలు" అంది. అంతే. మళ్ళీ బొరుగుల్లో పడింది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక సీసాకు రెండు రకాల లెక్కలు కట్టేశారు ఒకే రాత్రి! లెక్కల మాస్టారు ఈసారి ఫోను తియ్యలేదు.

మామ ఆ రాత్రి తాగింది ఆ ఒక్క మైల్డే, అదీ ముప్పావు. "నిద్దర పట్టదు దీంతో" అని నవ్వి, మిగతాది మా చేదురాజు గ్లాసులో ఒంచేశాడు. పొద్దున ఆరింటికి క్రషర్‌కు పోయాడు. మా వాళ్ళు తొమ్మిదింటికి లేచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, ఎండెక్కక ముందే రాళ్ళు చూడాలని పరుగెత్తారు. ఎండ ఎప్పుడో ఎక్కింది. రాక్ గార్డెన్‌లో ఫోటోలు తీసుకుని చెమటలు కక్కుకుంటూ మధ్యాహ్నానికి హైదరాబాదు దారి పట్టారు. కారులో అలంపురం చౌరస్తా దాటేదాకా ఎవరూ బీరు మాటెత్తలేదు. ఆ తర్వాత యథాప్రకారం వాదనలు మొదలయ్యాయి. అయితే చేదురాజు ఇప్పుడు 'మీ బీరు, మా బీరు' అనడం మానేశాడు. ఏ బీరైతే ఆ పేరు చెబుతున్నాడు.

పోయిన నెల మామ ఫోను చేశాడు. చేసినది నాకే గానీ అడిగింది వాళ్ళ గురించి.

"అల్లుడా, నీ నేస్తులు మళ్ళా ఎప్పుడొస్తాండారు?"

"ఏం మామా?"

"సలికాలంలో రమ్మను. వంక పక్క ఈతచెట్లు గీస్తారు. ఆ గీసేటోడు మనోడే. ఈతూరి నేను పిలుస్తాండా, దుడ్లు నేనిస్తా, నీవు జేబులో చెయ్యి పెట్టద్దు. ఆ గోధుమ సారుకు చెప్పు, నీళ్ళు బరువు బీరు బరువు అని చెప్పె గదా, కల్లు సంగతి నేను చెప్తా."

"ఎన్నింటికి రావాలి?"

"తెల్లారి అయిదింటికే రావల్ల. పడుకోని తొమ్మిదింటికి లేస్తే లేదు. ఎండ తగిల్తే పులుస్తాది" అన్నాడు మామ.